హైదరాబాద్ ఇళ్ళలో చిన్న గుంపు చేపలు: నీళ్ళ పరీక్ష నుంచి సంక్రాంతి ప్రయాణం దాకా

"పది నియాన్ టెట్రాలు తెచ్చాం, వారం తిరిగేసరికి మూడే మిగిలాయి. ఎక్కడ తప్పు జరిగింది?" హైదరాబాద్‌లో కొత్తగా అక్వేరియం పెట్టినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. ఏ మందు వేయాలి, ఏ మేత మార్చాలి అని కూడా అడుగుతుంటారు. నిజానికి చాలా ఇళ్ళలో పొరపాటు అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది. నీళ్ళు సిద్ధం కాకముందే చేపలు వచ్చేసి ఉంటాయి, లేకపోతే ఆ ఇంటి నీళ్ళకు సరిపడని చేపలు వచ్చి ఉంటాయి.

నియాన్, కార్డినల్, ఎంబర్ టెట్రా, రాస్బోరా, జీబ్రా డానియో లాంటివి రెండు మూడు, మహా అయితే నాలుగైదు సెంటీమీటర్ల ప్రాణులు. పెద్ద చేప ఓర్చుకునే మార్పును ఇవి ఓర్చుకోలేవు. వీటికి కావలసింది నిలకడైన నీళ్ళు. నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, అంటే పీహెచ్, పుస్తకంలో రాసినట్టే ఉండాలని లేదు, కానీ ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉండకూడదు. కింద చెప్పేదంతా ఆ నిలకడ కోసమే. వరుస మాత్రం మార్చకండి. చేపలు కొనడం ఐదో మెట్టు.

## 1. మీ ఇంట్లో వచ్చేది ఏ నీళ్ళో తెలుసుకోండి

నగరంలో నల్లా నీళ్ళు మంజీరా నుంచి, నాగార్జునసాగర్ మీదుగా కృష్ణ నుంచి, ఎల్లంపల్లి మీదుగా గోదావరి నుంచి వస్తాయి. శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపుతారు. బోరు నీళ్ళతో పోలిస్తే వీటిలో లవణాలు తక్కువ. బోరు నీళ్ళు గ్రానైట్ రాతి పొరల్లో నిలిచి వచ్చేవి కాబట్టి చాలా చోట్ల గట్టిగా ఉంటాయి. గీజర్‌లో, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొర పేరుకునేది అందుకే.

అసలు చిక్కు అపార్ట్‌మెంట్లలో ఉంది. ఒకే సంపులోకి నల్లా, బోరు, ట్యాంకర్ నీళ్ళు మూడూ వచ్చి కలుస్తాయి. సోమవారం నల్లా నీళ్ళు ఎక్కువగా ఉంటే, గురువారం ట్యాంకర్ నీళ్ళు ఎక్కువ. ఎండాకాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. మనుషులకు తెలియని ఈ మార్పు చిన్న చేపల మొప్పలకు వెంటనే తెలుస్తుంది.

అందుకని ఒక టీడీఎస్ పెన్ కొనండి. ఒక్కరోజు చూసి వదిలేయొద్దు. రెండు వారాల్లో మూడు నాలుగు వేర్వేరు రోజులు కుళాయి నీళ్ళు చూసి కాగితం మీద రాసుకోండి. అంకెలన్నీ దగ్గర దగ్గరగా ఉంటే మంచిదే. 250, 600, 400 అంటూ ఊగుతుంటే నేరుగా కుళాయి నీళ్ళు వాడే ఆలోచన మానుకోండి. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం, నీళ్ళ గట్టిదనం కాదు. గట్టిదనానికీ పీహెచ్‌కీ విడిగా టెస్ట్ కిట్ ఉంటుంది, అది కూడా తెచ్చుకోండి.

నేను పాటించే లెక్క ఇది:

- టీడీఎస్ 250 లోపు, నిలకడగా ఉంటే: దాదాపు ఏ గుంపు చేపనైనా ఆలోచించవచ్చు.
- 250 నుంచి 500 మధ్య: జీబ్రా డానియో, బ్లాక్ స్కర్ట్ టెట్రా, చెర్రీ బార్బ్ మంచి ఎంపికలు. ఫారాల్లో పుట్టి పెరిగిన టెట్రాలు కూడా మెల్లగా అలవాటు పడతాయి.
- 500 దాటితే: డానియో, బ్లాక్ స్కర్ట్‌లతో సరిపెట్టుకోండి, లేదా ఆర్వో నీళ్ళు కలపండి.

ఆర్వో నీళ్ళు కలపడం. బోరు నీళ్ళ టీడీఎస్ 800, ఇంట్లో ఆర్వో నీళ్ళది 50 అనుకుందాం. ఒక మగ్గు బోరు నీళ్ళకు నాలుగు మగ్గుల ఆర్వో నీళ్ళు కలిపితే 200 వస్తుంది. మీ అంకెలతో ఒకసారి లెక్క వేసి, పెన్‌తో సరిచూసుకుని, ప్రతి వారం అదే పాళ్ళలో కలపండి.

ఒట్టి ఆర్వో నీళ్ళతో ట్యాంకు నింపకండి. పీహెచ్‌ను పట్టి నిలిపే కార్బొనేట్లు అందులో దాదాపు ఉండవు. కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టు కనిపించి, ఒకరోజు పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. ఆర్వో మెషీన్ పక్క పైపు నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు కూడా వద్దు, లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి.

అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉందని ధీమా పడకండి. అది కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది. సబ్బు బాగా నురగ వస్తుంది, టీడీఎస్ మాత్రం తగ్గదు. అమెజాన్ వాగుల నుంచి వచ్చిన జాతులు కోరుకునే మెత్తని నీళ్ళు అవి కావు.

క్లోరిన్. తాగునీటి ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనకు అదే రక్షణ, చేప మొప్పలకు అదే మంట. ప్రతిసారీ యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద చెప్పిన మోతాదులో వేయండి. లేదా బకెట్‌లో ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంప్ గాలిని బుడగలుగా వదిలే రాయి) పెట్టి 24 గంటలు మూత లేకుండా ఉంచండి. అపార్ట్‌మెంట్‌లో సంపు, పై ట్యాంకు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేసిన వారం మాత్రం నీళ్ళు మార్చే పని వాయిదా వేయండి. వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచితే కడిగే రోజు మీకు తెలుస్తుంది.

## 2. నీళ్ళను బట్టి, ఎండను బట్టి చేపను ఎంచుకోండి

షాపులో కంటికి నచ్చిన చేపను తెచ్చి దాని కోసం నీళ్ళు మార్చాలనుకోవడం కష్టాన్ని కొనితెచ్చుకోవడమే. మన ఊళ్ళో నీళ్ళ తర్వాత చూడాల్సింది మే నెల. ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్ళు 31, 32 డిగ్రీలకు సులువుగా చేరతాయి.

- నియాన్ టెట్రా: 20 నుంచి 26 డిగ్రీలు దీనికి హాయి. ఎండాకాలంలో నీళ్ళు చల్లబరిచే ఏర్పాటు లేని ఇంటికి నేను దీన్ని సిఫారసు చేయను. అందరూ మొదట కొనేది, ఎక్కువగా పోగొట్టుకునేది ఇదే.
- కార్డినల్ టెట్రా: చూడటానికి నియాన్ లాగే ఉంటుంది, ఎరుపు గీత మాత్రం ఒంటి పొడవునా ఉంటుంది. 23 నుంచి 29 డిగ్రీల దాకా బాగుంటుంది. వేడికి నియాన్ కన్నా ఎంతో మేలు, కానీ మెత్తని నీళ్ళు కావాలి.
- ఎంబర్ టెట్రా: రెండు సెంటీమీటర్లే ఉంటుంది. 28 డిగ్రీల దాకా ఇబ్బంది పడదు. చిన్న ట్యాంకుకు సరిపోతుంది.
- హార్లెక్విన్ రాస్బోరా: 22 నుంచి 27 డిగ్రీలు. శాంతమైన చేప, మొదటిసారి పెంచేవాళ్ళకు మంచిది.
- జీబ్రా డానియో: మన ఉపఖండపు చేప. గట్టి నీళ్ళను, చలిని, వేడిని ఓర్చుకుంటుంది. ఒకచోట ఆగదు కాబట్టి కనీసం రెండడుగుల పొడవు ట్యాంకు కావాలి. బోరు నీళ్ళ ఇళ్ళకు నా మొదటి సలహా ఇదే.
- బ్లాక్ స్కర్ట్ టెట్రా: గట్టి ప్రాణం. ఒకటి రెండే ఉంటే పక్క చేపల రెక్కలు కొరుకుతుంది, ఎనిమిది ఉంటే తమలో తామే ఆడుకుంటాయి.

బ్లాక్ స్కర్ట్‌లకే గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగులు ఎక్కించి అమ్ముతుంటారు. ఆ ప్రక్రియలోనే వాటి ఆరోగ్యం దెబ్బతింటుంది. దయచేసి వాటిని కొనకండి.

ఒకే జాతివి కనీసం ఆరు, వీలైతే పది, పన్నెండు తీసుకోండి. నాలుగు జాతులవి రెండేసి తెస్తే ఎనిమిది చేపలు అవుతాయి తప్ప గుంపు కాదు. నియాన్‌కు డానియో తోడు కాదు. తోడులేని చేప బెదురుతో మేత తినదు, రంగు కోల్పోతుంది, జబ్బుకు త్వరగా లొంగిపోతుంది.

ఏంజెల్ ఫిష్, టైగర్ బార్బ్, గోల్డ్ ఫిష్ వీటితో కలపకండి. ఏంజెల్ పెరిగాక నియాన్లను మింగేస్తుంది. "గాజు శుభ్రం చేస్తుంది" అని అంటగట్టే సకర్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది, రెండడుగుల ట్యాంకులో దానికి చోటు లేదు.

## 3. ట్యాంకు, సామాను

24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉన్న ట్యాంకు నిండా పోస్తే 56 లీటర్లు పడుతుంది. అడుగు ఇసుక, పైన ఖాళీ తీసేస్తే 45 లీటర్ల దాకా ఉంటుంది. పది పన్నెండు చిన్న చేపలకు ఇది సరిపోతుంది. గుండ్రటి గాజు గిన్నెలు ఈ చేపలకు పనికిరావు. నీళ్ళు ఎంత తక్కువైతే అంత త్వరగా చెడిపోతాయి, అంత త్వరగా వేడెక్కుతాయి.

నీళ్ళు, గాజు, ఇసుక కలిపి బరువు 60 కిలోలు దాటుతుంది. గట్టి స్టాండు మీద, కింద థర్మోకోల్ షీటు వేసి పెట్టండి. పడమటి కిటికీ పక్కన, టీవీ స్పీకర్ పక్కన, వంటింటి గట్టు మీద వద్దు. ఒకసారి నింపాక జరపడం కుదరదు.

కావలసినవి:

- స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్. చిన్న చేపలకు నీళ్ళు మెల్లగా కదలాలి. పవర్ ఫిల్టర్ వాడితే నీళ్ళు లాగే మూతికి స్పాంజ్ ముక్క తొడగండి.
- థర్మామీటర్. లోపల పెట్టే గాజుదైనా చాలు.
- 50 వాట్ల హీటర్. డిసెంబర్, జనవరి కోసం.
- మూత. డానియోలు, టెట్రాలు బెదిరితే ఎగిరి బయట పడతాయి.
- లైటుకు టైమర్. రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు.
- అమోనియా, నైట్రైట్, నైట్రేట్ కొలిచే కిట్లు.
- ట్యాంకుకు మాత్రమే వాడే బకెట్, మగ్గు, పైపు. సబ్బు తగిలిన బకెట్ వద్దు.

వైర్లన్నీ సాకెట్ కన్నా కిందకు ఒక వంపు తిరిగి పైకి వచ్చేలా పెట్టండి. నీటి చుక్క వైరు వెంబడి జారినా వంపు దగ్గరే పడిపోతుంది. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు స్విచ్‌లన్నీ ఆపండి.

అడుగున సన్నని నది ఇసుక గానీ ముదురు రంగు గులకరాళ్ళు గానీ వేయండి. అడుగు తెల్లగా ఉంటే ఈ చేపలు బెదిరినట్టు ఉంటాయి. పాలరాతి చిప్స్, గవ్వలు, పగడపు రాళ్ళు నీళ్ళను ఇంకా గట్టిపరుస్తాయి. అనుమానం ఉన్న రాయి మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుడగలు వస్తే ఆ రాయి వద్దు.

మొక్కల్లో జావా ఫెర్న్, అనుబియాస్, హార్న్‌వర్ట్ ఎక్కువ సేవ కోరవు. వెనకవైపు, పక్కల దట్టంగా పెట్టి, మధ్యలో ఈదడానికి ఖాళీ వదలండి. దాక్కునే చోటు దగ్గర్లో ఉందని తెలిస్తేనే గుంపు ధైర్యంగా ముందుకు వస్తుంది.

మన వీధుల్లో గొడుగులా విస్తరించే బాదం చెట్టు ఆకు ఈ ట్యాంకులకు ఎంతో మేలు చేస్తుంది. రాలి, పూర్తిగా ఎండి గోధుమ రంగుకు మారిన ఆకును బాగా కడిగి 50 లీటర్లకు ఒకటి రెండు వేయండి. నీళ్ళు లేత టీ రంగుకు వస్తాయి, టెట్రాల రంగు తేలుతుంది. మందు కొట్టిన తోటల్లో, పొగ కమ్ముకునే మెయిన్ రోడ్డు పక్కన ఏరకండి.

## 4. చేపలు లేకుండా ట్యాంకును సైకిల్ చేయండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇది. కొత్త ట్యాంకులో చేపలు వారంలో చనిపోయే కారణాల్లో దీన్ని మించింది లేదు.

చేప విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషం. మూడోది మోతాదు మించనంత వరకు పెద్ద ప్రమాదం కాదు. ఈ బ్యాక్టీరియా స్పాంజ్‌లో, ఇసుకలో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఇలా స్థిరపడనివ్వడాన్నే ట్యాంకును సైకిల్ చేయడం అంటారు.

బోరు నీళ్ళు వాడేవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోండి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో చేపను దెబ్బతీసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. పీహెచ్ 6.8 ఉన్న ట్యాంకులో చేపలు ఓర్చుకున్న అమోనియానే పీహెచ్ 8 ఉన్న ట్యాంకులో ప్రాణం తీస్తుంది. పక్కింటివాళ్ళకు ఏం కాలేదని మీరు తొందరపడొద్దు.

చేసే పద్ధతి:

1. ట్యాంకు నింపి, క్లోరిన్ తీసేసి, ఫిల్టర్ 24 గంటలూ నడపండి.
2. రోజూ చిటికెడు చేప మేత వేయండి. అది కుళ్ళితేనే అమోనియా వస్తుంది.
3. ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు స్నేహితుల ఇంట్లో ఉంటే, వాళ్ళ ఫిల్టర్ స్పాంజ్ ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెట్టండి. తడిగానే తేవాలి, ఎండితే బ్యాక్టీరియా చనిపోతుంది. వారాల పని రోజుల్లోకి తగ్గవచ్చు.
4. వారానికి రెండుసార్లు పరీక్ష చేయండి. ముందు అమోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్, చివరికి నైట్రేట్.
5. మేత వేస్తూనే ఉన్నా అమోనియా, నైట్రైట్ రెండూ వరుసగా వారం రోజులు సున్నా చూపించి, నైట్రేట్ కనిపిస్తుంటే ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు సగం నీళ్ళు మార్చండి.

మధ్యలో నీళ్ళు పాలలా తెల్లబడితే కంగారుపడి కడగకండి. అది బ్యాక్టీరియా ఎదుగుదలే, కొద్ది రోజుల్లో తేటపడుతుంది.

## 5. షాపులో చూడాల్సినవి

మన షాపులకు వచ్చే చేపలు చాలావరకు చెన్నై, కోల్‌కతా వైపు నుంచి సంచుల్లో ప్రయాణం చేసి వస్తాయి. లోడు దిగిన రోజే కొనకండి. వారం నుంచి షాపులో ఉన్నవి అడగండి. బలహీనమైనవి ఆ వారంలోనే బయటపడిపోతాయి.

- కొనబోయే ట్యాంకులో చచ్చిన చేప, తెల్ల చుక్కల చేప ఒక్కటి కనిపించినా అక్కడి నుంచి ఏదీ తీసుకోవద్దు.
- మేత వేయమని అడగండి. ఎగబడి తినే గుంపులోంచి తీసుకోండి.
- పొట్ట లోపలికి పీక్కుపోయినవి, నడుము వంగినవి, రెక్కలు ముడుచుకున్నవి, మూలన ఒంటరిగా నిలబడినవి వద్దు.
- పెన్ తీసుకెళ్ళి షాపు నీళ్ళ టీడీఎస్ చూడండి. మీ ట్యాంకుకూ దానికీ తేడా ఎంతో తెలిస్తే ఇంటికొచ్చాక ఎంత నిదానంగా కలపాలో తెలుస్తుంది.

ఎండాకాలమైతే పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్ళండి. సంచిని బైక్ హ్యాండిల్‌కు తగిలించకుండా థర్మోకోల్ డబ్బాలో పెట్టి తీసుకురండి.

## 6. ఇంటికి తెచ్చాక మొదటి రోజు

1. ట్యాంకు లైటు ఆపేయండి.
2. సంచిని విప్పకుండా 15 నుంచి 20 నిమిషాలు ట్యాంకు నీళ్ళలో తేలనివ్వండి. లోపలి, బయటి వేడి సమానం అవుతుంది.
3. చేపలను వాటి నీళ్ళతోనే శుభ్రమైన డబ్బాలోకి పోయండి. సన్నని ఎయిర్ పైపుకు ముడి వేసి ట్యాంకు నీళ్ళు చుక్క చుక్కగా ఆ డబ్బాలోకి పడనివ్వండి. సెకనుకు రెండు మూడు చుక్కలు. టీడీఎస్ తేడా ఎక్కువైతే గంట పాటు ఆగండి.
4. వలతో చేపలను మాత్రమే ట్యాంకులో వదలండి. షాపు నీళ్ళు పారబోయండి.
5. ఆ రోజు మేత వద్దు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, సంచిలోనే రోజంతా ఉన్న చేపలకు మూడో మెట్టు అంతసేపు చేయకండి. మూసిన సంచిలో బొగ్గుపులుసు వాయువు వల్ల పీహెచ్ తగ్గి, చేరిన అమోనియా అంతగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, అదే అమోనియా విషంగా మారుతుంది. వేడి సమానం కాగానే త్వరగా ట్యాంకు నీళ్ళలోకి మార్చడం మంచిది.

ఇంట్లో అప్పటికే చేపలుంటే కొత్తవాటిని రెండు నుంచి నాలుగు వారాలు విడిగా ఉంచండి. మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, పెద్ద ట్యాంకులో ముందే నానిన స్పాంజ్ ఫిల్టర్ ఉంటే చాలు. ఈ ఒక్క అలవాటు ఎన్ని మందుల ఖర్చు తప్పిస్తుందో చెప్పలేను.

ట్యాంకు కొత్తదైతే ఒకేసారి పన్నెండు వేయకండి. ముందు ఆరు వేసి, అమోనియా, నైట్రైట్ రెండు వారాలు సున్నా దగ్గరే ఉంటే మిగతా ఆరు తెచ్చుకోండి.

## 7. మేత

వీటి నోరు మిల్లీమీటరు లెక్కలో ఉంటుంది. ఫ్లేక్‌ను వేళ్ళతో పొడి చేసి వేయండి, లేదా మైక్రో పెల్లెట్ వాడండి. రోజుకు రెండుసార్లు, ఒకటి రెండు నిమిషాల్లో తినేసేంత. అడుగుకు పడిపోతే అది ఎక్కువైనట్టే. వారానికి ఒకరోజు పస్తు ఉంచితే మంచిదే.

వారానికి రెండుసార్లు ఫ్రోజెన్ బ్లడ్ వర్మ్స్ సన్నగా తరిగి, లేదా ఇంట్లో పొదిగించిన ఆర్టీమియా (ఉప్పునీటి సన్న రొయ్య లాంటి జీవి) పిల్లలు ఇస్తే రంగు బాగా వస్తుంది. మురుగు కాలువల నుంచి పట్టి తెచ్చే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులకు దూరంగా ఉండండి, వాటితో రోగాలు ఇంట్లోకి వస్తాయి.

పిల్లలకు మేత వేసే పని అప్పగిస్తే రోజు కొలతను విడిగా చిన్న మూతలో పెట్టి ఇవ్వండి. డబ్బా వాళ్ళ చేతికి ఇవ్వకండి.

## 8. వారం వారం పని

- మాటల్లో పడి మరిచిపోకుండా హీటర్, ఫిల్టర్ ముందు ఆపండి. నీళ్ళు తగ్గినప్పుడు హీటర్ నడిస్తే గాజు పగులుతుంది.
- పైపుతో అడుగున చెత్త లాగుతూ 20 నుంచి 25 శాతం నీళ్ళు తీయండి.
- కొత్త నీళ్ళ వేడి, టీడీఎస్ ట్యాంకుతో సరిచూడండి. వేడిలో తేడా ఒకటి రెండు డిగ్రీలు దాటకూడదు. మే నెలలో పై ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం కాలిపోతుంటాయి, పొద్దున్నే పట్టి ఉంచుకోండి.
- యాంటీ క్లోరిన్ కలిపి, సన్నని ధారగా పోయండి.
- నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే మంచిది. 40 దాటుతుంటే మేత తగ్గించండి, నీళ్ళు ఎక్కువ మార్చండి.

స్పాంజ్‌ను నెలకోసారి, ట్యాంకులోంచి తీసిన పాత నీళ్ళలోనే రెండు మూడుసార్లు పిండండి. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చిపోయి, ట్యాంకు మళ్ళీ మొదటికొస్తుంది. "ఆదివారం ట్యాంకంతా ఖాళీ చేసి శుభ్రంగా కడిగాం, మంగళవారానికి చేపలు పోయాయి" అనే ఇళ్ళలో జరిగేది ఇదే.

## 9. ఎండాకాలం, కరెంటు కోత, చలి

నీళ్ళు వేడెక్కిన కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు నిలిస్తే, 30 దగ్గర 7.5 మాత్రమే. అదే సమయంలో చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. వేసవిలో నీటి మీదకొచ్చి నోరు తెరిచే చేపలకు ముందు కావలసింది గాలి. మందు సీసా ఆ తర్వాత సంగతి.

మార్చి చివరి నుంచే సిద్ధం కండి:

- మూత కొంచెం తెరిచి, ఆ చోట వల బిగించి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి పైభాగం మీదకు తిప్పండి. మన పొడి ఎండలో నీరు ఆవిరై రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. వానాకాలపు ఉక్కలో ఇది అంతగా పనిచేయదు.
- ఆవిరైన నీళ్ళ స్థానంలో ఆర్వో నీళ్ళే పోయండి. లవణాలు ఆవిరి కావు. కుళాయి నీళ్ళు పోస్తూ పోతే టీడీఎస్ వారం వారం పెరుగుతుంది.
- లైటును సాయంత్రం వేళకు మార్చండి.
- ఎయిర్ పంప్ అదనంగా ఒకటి పెట్టండి.
- నీళ్ళు 32 దాటితే ఐస్ చేసిన చిన్న బాటిల్‌ను మూత బిగించి తేలనివ్వండి. గంటకు ఒక డిగ్రీ కన్నా వేగంగా తగ్గనివ్వకండి. ఐస్ ముక్కలు నేరుగా వేయవద్దు.

కరెంటు పోయినప్పుడు ఎయిర్ పంప్ ఇన్వర్టర్ మీద నడవాలి. ఇన్వర్టర్ లేకపోతే పవర్ బ్యాంక్‌తో నడిచే యూఎస్‌బీ ఎయిర్ పంప్ దొరుకుతుంది, ఒకటి కొని ఉంచుకోండి. అదీ లేకపోతే పావుగంటకోసారి మగ్గుతో నీళ్ళు తీసి పైనుంచి మెల్లగా పోస్తుండండి. కోత సమయంలో మేత వేయకండి.

డిసెంబర్, జనవరి రాత్రుల్లో గది చల్లబడితే పొద్దుటికి నీళ్ళు 20 కిందకు పోవచ్చు. హీటర్‌ను 25 దగ్గర పెట్టండి. పగలు 27, రాత్రి 20 అన్న ఊగులాటే తెల్ల చుక్కల రోగానికి తలుపు తీస్తుంది.

## 10. పొగ, దోమల మందు

ఎయిర్ పంప్ గదిలోని గాలిని తీసి నేరుగా నీళ్ళలోకి పంపుతుంది. దోమల లిక్విడ్, కాయిల్, స్ప్రేలలో సాధారణంగా ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు తీవ్రమైన విషం. ట్యాంకున్న గదిలో వాటిని వాడకండి, దోమతెర కట్టుకోండి.

వీధిలో ఫాగింగ్ బండి శబ్దం వినగానే కిటికీలు మూసి, ట్యాంకు మీద తడి బట్ట కప్పి, ఎయిర్ పంప్ అరగంట ఆపండి. ఇంట్లో పెస్ట్ కంట్రోల్ చేయిస్తుంటే వచ్చేవాళ్ళకు ముందే చెప్పి ట్యాంకు గదిని వదిలేయమనండి. సాంబ్రాణి ధూపం, దీపావళి పొగకు కూడా ఇదే జాగ్రత్త.

## 11. గుంపును చూసి ఆరోగ్యం చెప్పడం

రోజూ మేత వేసేటప్పుడు రెండు నిమిషాలు గుంపును చూడండి. ముందు లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే వెతికి తీయాలి, మొక్కల మధ్య కుళ్ళనివ్వకూడదు.

గుంపు బిగుసుకుని ఒకే ముద్దలా తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది గానీ, చాలాసార్లు అది భయానికి గుర్తు. హాయిగా ఉన్న గుంపు కొంచెం విడివడి, అక్కడక్కడా మేస్తూ, అలికిడైనప్పుడు దగ్గరకు చేరుతుంది. ఎప్పుడూ బిగుసుకునే ఉంటే మొక్కలు పెంచండి, లైటు తగ్గించండి. రాత్రి లైటు ఆపాక నియాన్ల రంగు వెలిసినట్టు కనిపించడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు.

గుంపు వదిలి ఒంటరిగా నిలబడిన చేప మొదటి హెచ్చరిక. అప్పుడు ముందుగా చేయాల్సింది నీళ్ళ పరీక్ష. అమోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే 30 శాతం నీళ్ళు మార్చి, మేత ఆపి, మరునాడు మళ్ళీ చూడండి. నీళ్ళు బాగున్నాయని తేలాకే రోగం గురించి ఆలోచించండి.

ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు, రాళ్ళకు ఒళ్ళు రుద్దుకోవడం. ఇది ఇక్, ఒక పరాన్నజీవి తెచ్చే తెల్ల చుక్కల రోగం. ఒంటి మీద ఉన్న చుక్కపై మందు పనిచేయదు, అది రాలి నీళ్ళలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే చుక్కలు పోయాయని రెండో రోజు మందు ఆపితే తిరిగి వస్తుంది. ఎయిర్ స్టోన్ పెంచి, నీళ్ళ వేడిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 29 దాకా తీసుకెళ్ళండి. ఇక్ మందును టెట్రాలకు సీసా మీద తగ్గించి చెప్పిన మోతాదులోనే వాడండి. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి. చివరి చుక్క మాయమయ్యాక కూడా కొన్ని రోజులు కొనసాగించండి.

నోటి చుట్టూ, వీపు మీద తెల్లటి దూది లాంటి పొర, గబగబా చావులు. ఇది చాలాసార్లు కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా. ఇక్ అనుకుని వేడి పెంచితే ఇది ఇంకా వేగంగా పాకుతుంది. తెల్లగా ఏది కనిపించినా హీటర్ పెంచడం మన దగ్గర ప్రాణం తీసే అలవాటు. చుక్కలా, పొరా అన్నది టార్చి వేసి దగ్గరగా చూసి తేల్చుకోండి. పొర అయితే చేపను విడిగా తీసి, వేడి తగ్గించి, బ్యాక్టీరియాకు పనిచేసే మందు గురించి చేపల వైద్యం తెలిసిన పశువైద్యులను అడగండి.

ఒంటి మధ్యలో రంగు చెదిరి పాలిపోయిన మచ్చ, తర్వాత నడుము వంగడం. నియాన్ టెట్రా డిసీజ్ కావచ్చు. కండలో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి దీనికి కారణం, నమ్మదగిన మందు లేదు. అనుమానం ఉన్న చేపను వెంటనే వేరుచేయండి. చనిపోయిన చేపను మిగతావి కొరకకముందే తీసేయాలి, అలా తింటే ఇది గుంపంతా పాకుతుంది.

రెండు మూడు మందులు ఒకేసారి కలిపి పోయడం ఎప్పుడూ చేయకండి. ఏది పనిచేసిందో తెలియదు, ఫిల్టర్‌లో ఉన్న మేలు చేసే బ్యాక్టీరియా పోతుంది.

## 12. ఊరెళ్ళేటప్పుడు

సంక్రాంతికి నాలుగైదు రోజులు ఇంటికి తాళం వేస్తే ఎదిగిన ఆరోగ్యమైన చేపలకు మేత లేకపోయినా ఏమీ కాదు. పక్కింటివాళ్ళకు మేత డబ్బా ఇచ్చి వెళ్తేనే ప్రమాదం. జాలిపడి ఎక్కువ వేస్తారు, ఫోన్‌లో చెప్పినా అంతే. రోజుల తరబడి మెల్లగా కరిగే మేత దిమ్మలు కూడా నీళ్ళను పాడుచేస్తాయి, వాటిని నేను వాడను.

- రెండు రోజుల ముందు పావు వంతు నీళ్ళు మార్చండి. బయలుదేరే రోజు మార్చొద్దు, తేడా వస్తే చూసేవాళ్ళుండరు.
- కొత్త చేప, కొత్త మొక్క ఆ వారంలో తేవద్దు.
- హీటర్ పనిచేస్తోందో లేదో థర్మామీటర్‌తో రెండు పొద్దులు సరిచూడండి. సంక్రాంతి రాత్రులు చలిగా ఉంటాయి.
- మెయిన్ స్విచ్ ఆపి వెళ్ళే అలవాటుంటే ట్యాంకు సాకెట్‌కు వెళ్ళే ఎంసీబీని ఆన్‌లోనే ఉంచి, మిగతావి ఆపండి.
- వారం దాటితే రోజు విడిచి రోజు మేతను మాత్రల డబ్బాలో అరల వారీగా పెట్టి, తేదీలు రాసి పక్కింటివాళ్ళకు ఇవ్వండి. మిగతా మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయండి.
- ఎయిర్ పంప్ బుడగలు వస్తున్నాయా, ఏవైనా చేపలు చనిపోయి తేలుతున్నాయా అని చూసి వీడియో కాల్ చేయమని చెప్పండి. నీళ్ళు మార్చమని మాత్రం వాళ్ళను అడగకండి.